గూట్ల బిల్ల, బీడీ కట్ట

మొన్న సెంటినరీ కాలనీల ఉండే మా బిడ్డ దగ్గరికి పోయి వస్తూ, గోదావరిఖని బస్టాండుకాడ దిగి జరంతసేపు నిలవడ్డ. మోకాళ్ళు నా మాట ఇనుడు బందువెట్టి చానా రోజులాయె. పక్కన ఒకాయన గోనెపట్ట పరిచి పాత పుస్తకాలు అమ్ముతున్నడు. పోటీ పరీక్షల గైడ్లు, వంటల పుస్తకాలు, వాటి నడుమ సుతిలి దారంతోటి కట్టిన ఒక కట్ట. డెబ్బైలల్ల వచ్చిన చిన్న సైజు పుస్తకాలు. పైదాని అట్ట మీద ఎర్ర రవికె వేసుకున్న ఆడిమనిషి, చేతిల పిస్తోలు, ఎనుక టోపీ పెట్టుకున్న మొగోడు. రవికెకు మెడకాడ బట్ట సరిపోనట్టుంది, పాపం. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే నా చెయ్యి దాని పని అది చేసింది. పుస్తకం తీసి తలకిందులు చేసి దులిపింది. అమ్మేటాయన చూసి, "నోట్లేమన్న రాల్తయనుకున్నవా అమ్మా?" అన్నడు. "లేదయ్యా, నాకది అలవాటు" అన్న. ఆ పుస్తకాలకు ఇప్పుడు మస్తు గిరాకి ఉన్నదట, కాలేజీ పోరగాండ్లు పాతకాలం సరదా అని కొంటున్నరట. సరదానట! పైదొక్కటి కొన్నంక సంచిల కాకరకాయల కింద పెట్టిన. అరవై ఆరేండ్లొచ్చినయి, తిట్టెటోళ్ళు ఒక్కరు లేరు, అయినా దాసిపెట్టుకున్న.

ఏ పుస్తకమైనా నేను ఒకసారి దులుపకుంట తెరువ. మనుమరాలి బడి పుస్తకమైనా, భగవద్గీతయినా అంతే. ఎందుకని ఎవరడిగినా ధూళి ఉంటదని చెప్తుంట. ధూళికి ఇక్కడ కరువా? ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగుకొచ్చే ఊరాయె. అసలు సంగతి ధూళి కాదు.

అప్పుడు నాకు పదహారేండ్లు. పది ఫెయిలయి ఇంట్ల కూసున్న, ఒక్క లెక్కలల్లనే. మా నాయినది కమాన్‌పూర్ దగ్గర పల్లె. నాగలి ఇడిచిపెట్టి బొగ్గుబాయిల పనికొచ్చిండు. మాకు లైనుల రెండర్రల క్వార్టరు. అవ్వ, నాయిన, నేను, అంతే. నాయినకు సదువు రాదు, జీతం కాయితం మీద ఏలిముద్ర పెట్టేటోడు. పక్క క్వార్టర్ల ఒక ముస్లిం ఆమె ఉంటుండె, అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని, ఆమె భర్త బాయి మీద వర్కుషాపుల మెకానిక్కు. ఆ భాయికి డిటెక్టివు పుస్తకాల పిచ్చి. కిరాయి పుస్తకాల దుకాణం నుంచి తెచ్చి, చదివి, మళ్ళ ఇచ్చేదాక పరుపు కింద పెడుతుండె. ఆపా పరుపు దులుపుతది కదా, ఆమెకు దొరికింది. బొమ్మ చూసి గుండె గుబేలుమన్నదట. అయితే ఆమెకు ఉర్దూ తప్ప తెలుగు చదువ రాదు. మొగడు రోజూ ఏం చదివి అంత మురుస్తున్నడో ఎరుక కావాలె, ఎవరినన్న అడుగుదమంటె షరం. మధ్యాన్నం పూట నన్ను పిలిచి, తలుపు దగ్గరికేసి, ఉడకబెట్టిన పల్లికాయ నా ముందల పోసి, "చదువు బేటీ, ఏం రాసిండ్రో చూద్దాం" అన్నది. అట్ల మొదలైంది నా సదువు.

ఏమాటకామాట, మంచిగనే ఉంటుండె. ప్రతి అధ్యాయం ఆఖర్ల ఎవ్వతిదో గౌను జారుతది, లేకుంటె దీపాలారిపోతయి, లేకుంటె పిస్తోలు పేలుతది. గౌను అంటే మాకిద్దరికి సక్కగ తెల్వదు. "లంగా అసొంటిదే ఉండచ్చు" అని నేనంటే, "మరి పిల్లకు సలి పెట్టదా?" అని ఆపా నిజంగనే ఫికర్ పడేది. ఆ కథలల్ల పెద్ద పెద్దోళ్ళంత స్విమ్మింగ్ పూలు కాడనే కలుస్తుండ్రి. బాయిల నీళ్ళు తోడి నింపే సంపు అసొంటిదేమో అనుకున్నం. అండ్ల దిగి స్నానం చేసేటోళ్ళను తలుసుకొని ఆపా ముక్కు మూసుకునేది. జర ఇబ్బంది మాటలొస్తే నేను మింగి ముందలికి పోతుంటి. "ఏయ్, ఏదో ఇడిచిపెట్టినవ్, ఎనుకకు రా" అని పట్టుకునేది. చదువ రానోళ్ళను మోసం చేసుడు అలకటి పనేం కాదు. ఆఖరి పేజీ మాత్రం ఏ పుస్తకానికీ ఉండేది కాదు. హంతకుడెవరో మేమే తీర్మానం చేసుకునేటోళ్ళం. ఆపా లెక్కన ప్రతి కథల హంతకుడు ఇంటల్లుడే.

చదువ చదువ నాకు తిండి యావ సుత తప్పింది. ఆపా ఇంట్ల సాలక, పుస్తకం మా ఇంటికే తెచ్చుకునుడు మొదలువెట్టిన. ఆ బొమ్మ ఎవ్వలకు కనపడొద్దు కదా. నాయిన బాయి మీద గోడలకతికించే సేఫ్టీ పోస్టర్లు మిగిలితే ఇంటికి తెచ్చేటోడు, నా పుస్తకాలకు అట్టలెయ్యమని. దీపం పట్టుకున్న కార్మికుని బొమ్మ, కింద జాగ్రత్త మాటలు. ఆ కాయితమే ఎర్ర రవికెకు కప్పిన. ఇంక నాయిన మురిసిపోయిండు. డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను పుస్తకంల మునిగి ఉంటె, చెప్పులు సప్పుడు కాకుంట ఇడిచేటోడు. "లొల్లి చెయ్యకే, బిడ్డ లెక్కలు చేసుకుంటున్నది" అని అవ్వను గదిరిచ్చేటోడు. బాయి మీద అందరికి చెప్పుకున్నడట, ఈసారి నా బిడ్డ పాసైతదని. ఆ మాట చెవిన పడ్డప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టేదాన్ని. రేపటి నుంచి బందు అనుకునేదాన్ని. రేపొస్తే గౌను ఏమైందో అని మనసు లాగేది.

ఇక బిల్ల సంగతి చెప్పాలె. బాయిల పనిచేసే ఒక్కొక్క మనిషికి ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఉంటది. దిగెటప్పుడు ల్యాంపురూంల బిల్ల ఇచ్చి నెత్తికి పెట్టుకునే దీపం తీసుకోవాలె. బిల్లను అక్కడ పలకకున్న మొలకు తగిలిస్తరు. పైకొచ్చి దీపం ఇచ్చేస్తే బిల్ల మళ్ళ చేతికొస్తది. పలక మీద బిల్లుంటె మనిషి కిందున్నట్టు, ఇంట్ల బిల్లుంటె మనిషి పైనున్నట్టు. బాయి మీద బతికే ఇంట్ల పసిపిల్లలకు సుత ఈ లెక్క ఎరుకే. మా నాయిన బిల్ల ముందరర్ర గోడకున్న గూట్ల ఉంటుండె. దాని పక్కనే బీడీ కట్ట, అగ్గిపెట్టె. నాయినకు బీడీ ఇడిచి క్షణముండ రాదు, పెండ్లికి పోయినా సావుకు పోయినా జేబుల బీడీ కట్ట ఉండాల్సిందే. ఒక్క బాయిలకు పోయినప్పుడే గూట్ల పెట్టి పోయేటోడు. కింద నిప్పు పనికిరాదు, గేటుకాడ జేబులు తడిమి చూస్తరు.

కిరాయి పుస్తకం పేజీ మలిస్తే దుకాణంల భాయిని ఒర్రుతరని ఆపా ఒట్టువెట్టించుకున్నది. అందుకని చీపురు పుల్లనో, పిన్నీసో, చేతికేది దొరికితే అది పెట్టి మూసేదాన్ని. ఒకనాడు పొద్దుగూకే యాల్ల గూటికాడ నిలవడి వెలుతురుల చదువుతున్న. కథ మంచి పట్టు మీదుంది. "పిల్లా, పొయ్యి మీద పాలు చూడు!" అని అవ్వ ఒర్రింది. గూట్ల చెయ్యి పెట్టిన, సల్లగ ఏదో తగిలింది, పుస్తకంల పెట్టి మూసి ఉరికిన. పాలు పొంగనే పొంగినయి. అవ్వ తిట్లల్ల పడి అంత మరిచిపోయిన. పుస్తకం ట్రంకుపెట్టెల బట్టల కిందికి పోయింది.

తెల్లారి నాయినది ఫస్టు షిఫ్టు. నేనింకా దుప్పట్లనే ఉన్న. గూట్ల చెయ్యిపెట్టి తడుముతున్న సప్పుడు. "బిడ్డా, బిల్ల చూసినవా?" అని మెల్లగ అడిగిండు. "లేదు నాయినా" అని పక్కకు మర్రిన. అబద్ధం కాదది, నిద్ర. అవ్వ వాకిట్ల నీళ్ళకాడ ఉన్నది, ఆమెకిది తెల్వదు. బాయి సైరన్ కూత వెట్టింది. "ల్యాంపురూంల మనోడే ఉన్నడు తియ్, ఇస్తడు" అని తనల తనే అనుకుంట, సద్దిగిన్నె తీసుకొని పోయిండు.

పగటీలి అన్నం యాల్లకు కూత మళ్ళ వెట్టింది. కూత వెట్టే టైము కాదది. లైనుల ఉన్న ఆడోళ్ళంత చేతిల పని చేతిలనే ఇడిచి గేటు దిక్కు ఉరికిండ్రు, అవ్వ సుత. నన్ను ఇంటికాడుండుమన్నది. బాయిల కప్పు కూలిందని, ఎవరెవరో దాని కింద పడ్డరని వాకిట్లకెల్లి ఒర్రుకుంట పోతుండ్రు. నేను చేసే తప్పు పని ఒక్కటే నా మదిల మెదిలింది. లెక్కల పుస్తకమని నాయినను మోసం చేస్తున్ననని దేవుడు చూసిండనుకున్న. నాయిన సల్లగ ఇల్లు చేరితే మళ్ళ ఇసొంటి పుస్తకం ముట్టనని మొక్కుకొని, పొయ్యిల ఏద్దామని ట్రంకుపెట్టెలకెల్లి పుస్తకం తీసిన. బొగ్గు పొయ్యి ఎర్రగ మండుతున్నది. పుస్తకం ఎత్తిన. బిల్ల రాలి నేల మీద గింగిర్లు కొట్టింది.

ఆ సప్పుడు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది. బిల్ల తీసి చేతిల పట్టుకున్న. అప్పుడు నాకు నాయిన గోస మతికి రాలె. అవ్వ అడిగితే ఏం చెప్పాలె, పుస్తకం బయట పడుతది, ఆపా పేరు బయట పడుతది, లైనంత ఉమ్మేస్తది. ఇదొక్కటే బుగులు. పుస్తకం పొయ్యిల ఎయ్యకుంట మళ్ళ బట్టల కింద దాసిన. బిల్ల తీసుకపోయి, ఏమెరుగనట్టు, గూట్ల పెట్టిన. బీడీ కట్ట పక్కన పెట్టిన.

మూడు కొట్టంగ అవ్వ వచ్చింది. మొఖం తేటగనే ఉన్నది. దెబ్బలు తాకినోళ్ళనందర్ని పైకి తెచ్చిండ్రట, పలక మీద బిల్లలు లెక్క చూసిండ్రట, ఇంకెవ్వలు లేరట. మీ ఆయన బిల్ల లేదు, మస్టరుల హాజరు లేదు, ఇయ్యాల దిగనే లేదు పోవమ్మా అన్నరట. అవ్వకు నమ్మాల్నా వద్దా తెలుస్తలేదు. నెత్తి మీది కొంగు తీసి గూటి దిక్కు చూసింది. బిల్ల మెరుస్తున్నది. "ఓరి దేవుడా, బిల్ల ఇంట్లనే ఉన్నది! నాగా పెట్టి కల్లు దుకాణానికి పోయిండు దొంగముండ కొడుకు!" అని నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్సింది. బిల్ల చేతిల పట్టుకొని నాలుగిండ్లకు చూపిచ్చొచ్చింది. కల్లు దుకాణం దిక్కు పోతున్న ఒకాయనకు, మా ఆయనను జల్ది తోలుమని చెప్పి పంపింది. వస్తే ఏమేం తిట్టాల్నో ఒక్కొక్కటే పైకనుకుంట బియ్యం ఏరుతున్నది.

నేను గోడకానుకొని గూటినే చూసుకుంట కూసున్న. కల్లు దుకాణానికి పోయినోడు బీడీ కట్ట ఇంట్ల ఇడిచిపోతడా? పొద్దుగాల బిల్ల కోసం తడిమినోడు, సద్దిగిన్నె పట్టుకపోయినోడు ఏడికి పోయినట్టు? ఆ పిస్తోలు పుస్తకాలు ఒక పది చదివిన నాకు ఆ మాత్రం తెల్వదా? తెలిసింది. బిల్ల గూట్ల పెట్టినప్పుడే తెలిసింది, నా చేతికి ఆ బీడీ కట్ట తగిలినప్పుడే. తెలిసి సుత నోరు తెరువలె. పోనీ, నిజంగనే కల్లుకు పోయిండేమో, ఇంకో జరసేపైతే వస్తడేమో అని నన్ను నేను జోకొట్టుకున్న. వాకిట్ల ఎవరి చెప్పుల సప్పుడైనా లేచి చూసిన. నాలుగు కొట్టింది. అవ్వ బియ్యం కడిగింది. ఐదు కొట్టింది. కల్లు దుకాణంకెల్లి ఆయన వచ్చి, అక్కడ లేడు, ఇయ్యాల ఎవ్వలూ చూడలేదట అన్నడు. అవ్వ చేతిల తెడ్డు అట్లనే ఆగింది.

నేను లేచి ఆపా ఇంట్లకు ఉరికిన. ఎక్కెక్కి ఏడుసుకుంట అంత చెప్పిన. నీ పేరు సుత వస్తది ఆపా, భాయి నిన్ను కొడుతడేమో అన్న. ఆమె చేతిల పని ఇడిచి లేచింది. "అరే పగ్లీ, షరం పెద్దదా, బాప్ పెద్దోడా? నడువు!" అని నా రెక్క పట్టుకొని గుంజింది. బురఖా సుత ఏసుకోలె, మొదటిసారి ఆమెను అట్ల బజార్ల చూసిన. ముందు మా ఇంట్లకు తోలి పుస్తకం తెప్పిచ్చింది, అవ్వ మళ్ళ గూట్ల పెట్టిన బిల్ల తీసుకున్నది. అవ్వ ఏందేందనుకుంట ఎనుక ఉరికొచ్చింది.

బిల్ల పుస్తకంల దొరికిందని, నాయిన కిందనే ఉన్నడని గేటుకాడ అందరు మొగోళ్ళ నడుమ చెప్పిన, ఎప్పుడు దొరికిందో మాత్రం చెప్పలె. పోస్టర్ అట్ట ఊడి ఎర్ర రవికె బొమ్మ బయటికొచ్చింది, ఎవ్వలు నవ్వలె. మేనేజరు, "బిల్ల లేకుంటె దీపమెవరిస్తరు, దీపం లేకుంటె ఎట్ల దిగుతడు?" అన్నడు. అప్పుడు ల్యాంపురూంల నుంచి కాక బయటికొచ్చిండు. మా నాయిన ఊరాయనే, నేను కాక అనేదాన్ని. "నేనే ఇచ్చిన సార్, మొఖం చూసి ఇచ్చిన. షిఫ్టు అయినంక మస్టరు రాపిచ్చుకుంటనన్నడు. నౌకరి పోతదని చెప్పలేకపోయిన. ఇంకో దారిల పైకొచ్చి ఉంటడనుకున్న" అన్నడు. ఆలస్యమొచ్చిండని, కింద పని పంచే సర్దార్ నాయినను పాత దారిల దుంగలు ఏరేటందుకు ఒక్కన్నే పంపిండట, నాయిన తరువాత చెప్పిండు. ఆ సర్దార్ నెత్తి పగిలి సోయి లేకుంట దవాఖానల పడి ఉన్నడు. అంటే, నాయిన కిందున్నడని తెలిసి నోరున్నోళ్ళం ఇద్దరమే, కాక, నేను.

మళ్ళ దిగి, వెతికి నాయినను తెచ్చిండ్రు. పానం ఉన్నది. కుడికాలు మోకాలి కింద దుంగల నడుమ నలిగింది, ఆ కాలు తీసేసిండ్రు. డాక్టరు బయటికొచ్చి అవ్వతోటి అన్నడు: "ఇంకో రెండు గంటల ముందు తెస్తే కాలు దక్కేదమ్మా." అవ్వ నా దిక్కు చూసింది. మూడు గంటలప్పుడు గూట్ల మెరిసిన బిల్ల ఆమెకు మతికొచ్చిందని నాకు అర్థమైంది. తిట్టలె, కొట్టలె. కొడితే బాగుండు. ఆ మాట నాయినకు మాత్రం చచ్చేదాక చెప్పలె, ఆమె కడుపుల పెట్టుకొనే పోయింది.

నాయినకు మేము చెప్పింది ఒక్కటే. పుస్తకంల బిల్ల దొరికింది, పిల్ల ఉరికొచ్చి చెప్పింది. మిగితదంతా నాయిన తనే అల్లుకున్నడు. "నా బిడ్డ సదువే నన్ను బతికిచ్చింది. చదువక ఇంకో పిల్లలెక్క తిరిగితే పుస్తకమెందుకు తెరుస్తది, బిల్లెట్ల దొరుకుతది?" అని వచ్చినోళ్ళకు, పోయినోళ్ళకు చెప్పిండు. నాయినకు పైన కూసుండే పని ఇచ్చిండ్రు, ఆ ల్యాంపురూంలనే. కాకను సస్పెండ్ చేసి, తరువాత నస్పూర్ దిక్కు బాయికి తోలిండ్రు. ఆ కిటికీల కూసొని నాయిన పదిహేనేండ్లు దీపాలిచ్చిండు, దీపమిచ్చుకుంట నా కథ చెప్పిండు. నేను లెక్కల పాసయి, టీచరయి, పెండ్లయి పోయినా, బజార్ల ఎవరన్న కనపడితే "నాయినను బతికిచ్చిన బిడ్డవు నువ్వే కదా" అనేటోళ్ళు. నేను నెత్తి ఊపేదాన్ని.

కాక ఒక్కసారి వచ్చిండు, నస్పూరుకు పోయేముందు, ఒక గంప సీతాఫలాలు పట్టుకొని. నాయిన గోడ దిక్కు మర్రి పండుకున్నడు. అవ్వ ఇంట్లకెల్లి రాలె. నేనే నీళ్ళిచ్చిన. చెంబు అందుకొని కాక నా మొఖంలకు చూసి, "నువ్వు మంచిదానివి బిడ్డా. నీకున్న ధైర్యం నాకు లేకపాయె" అన్నడు. నేను అక్కడనే నిలవడ్డ. నోటిదాక వచ్చింది, కాకా, నేనూ నీ లెక్కనే అని. రాలె. ఆయన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, ఒంగి చెప్పులేసుకొని పోయిండు. ఆయనను లైనంత తిట్టింది, ఉమ్మేసింది. ఆయన చేసిన తప్పే నేను చేసిన. నన్ను మెచ్చుకున్నరు. ఆ సీతాఫలాలు ఎవ్వలం ముట్టలె, గంపలనే మురిగిపోయినయి.

నిన్న మధ్యాన్నం కాకరకాయల కిందికెల్లి పుస్తకం తీసి చదివిన. మొదటి అధ్యాయంలనే గౌను జారింది, ఆపా ఉంటె మస్తు నవ్వేది. దీనికి ఆఖరి పేజీ ఉన్నది. హంతకుడు ఇంటల్లుడే, ఆపా గెలిచింది. ఆపా లేదు, అవ్వ లేదు, నాయిన లేడు, కాక లేడు. ఇది చెప్తే బాధపడేటోళ్ళు ఇంకెవ్వలు లేరని ఇయ్యాల చెప్తున్న, అది సుత పిరికితనమే. ఆ లైను మొత్తం బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టుల పోయింది, గూడు పోయింది, గూడున్న గోడ పోయింది, గోడ కింది భూమి సుత పోయింది. యాభై ఏండ్లు చూస్తుండంగనే గడిచినయి గని, ఆ మూడింటి నుంచి ఐదింటిదాక నాకింకా గడువలె.